ట్రాలీ మీద కుండెడు కరెంటు

(ఒక పాలిటెక్నిక్ కాలేజీలో ఎలక్ట్రికల్ విద్యార్థులు, చుట్టుపక్కల టెంట్‌హౌస్, మైక్‌సెట్ వాళ్లు కలిసిన సభలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వాళ్లకి వినపడుతోందా? సరే. ఈ మైక్ ఇప్పుడు బయట చింతచెట్టు పక్కన నిలబెట్టిన, సోలార్ ప్యానెళ్లూ బ్యాటరీలూ ఎక్కించిన నా ట్రాలీ మీదే నడుస్తోంది, కాబట్టి మధ్యలో ఆగిపోతే తప్పు నాదే, కాలేజీది కాదు.

నేను ఇంజినీర్‌ని కాదు, ఐటీఐ ఎలక్ట్రీషియన్‌ని. పద్దెనిమిదేళ్లుగా మైక్‌సెట్, లైటింగ్ పని చేస్తున్నా. జనరేటర్ పక్కన నిలబడి నిలబడి ఎడమ చెవి సగం పోయింది. ఆ కోపంతోనే ఇది మొదలుపెట్టా అనుకోండి. పర్యావరణం గురించి మాట్లాడతానని ఎవరైనా వచ్చి ఉంటే క్షమించాలి, నాకు మొదట కావాల్సింది చప్పుడు లేకపోవడం. ఒగ్గు కథ జరుగుతుంటే పక్కన జనరేటర్ డబడబలాడితే డోలు దెబ్బ ఎవరికి వినపడుతుంది చెప్పండి? దానిమీద మనం మైక్ సౌండ్ ఇంకా పెంచుతాం, అప్పుడు ఈల కొడుతుంది, ముసలాళ్లు లేచి ఇంటికి పోతారు.

పెద్ద పెద్దవాళ్లు కూడా చేస్తున్నారిది. 2025 జనవరిలో నవీ ముంబైలో, అహ్మదాబాద్‌లో పాడిపోయిన బ్రిటన్ రాక్ బ్యాండ్ కోల్డ్‌ప్లే వాళ్లు 2022లో టూర్ మొదలుపెట్టినప్పుడు బీఎండబ్ల్యూ ఐ3 కార్ల బ్యాటరీలతో స్టేజీకి కరెంటు ఏర్పాటు చేసుకున్నారు. మన దగ్గర అంత డబ్బూ లేదు, అంత స్టేజీ కూడా లేదు. మన దగ్గర ఉన్నది ట్రాక్టర్ ట్రాలీ.

ముందు ఒక్కమాట. జనరేటర్ బోరు లాంటిది, డీజిల్ పోసినంతసేపు పోస్తూనే ఉంటుంది. ఇది కుండ. పొద్దున్నించి ఎంత నింపితే రాత్రికి అంతే, ఒక్క చెంబు ఎక్కువ రాదు. ఈ సంగతి బుర్రకెక్కకుండా సోలార్ కొన్నవాళ్లంతా, నాతో సహా, ఏదో ఒక ఊళ్లో నడిరాత్రి చీకట్లో నిలబడి తిట్లు తిన్నవాళ్లే. నా తిట్ల కథ కాసేపటికి చెప్తా.

నా కుండ ఎంతుందో ముందు చూద్దాం. 540 వాట్ల ప్యానెళ్లు ఆరు, అంటే 3,240 వాట్లు. మన దగ్గర మంచి ఎండరోజున ఐదు గంటల నిండు ఎండ కింద లెక్క వేసుకోవచ్చు. 3.24 ఇంటూ ఐదు, పదహారు వస్తుంది. అది కాగితం మీద. వేడికి, దుమ్ముకి, వైర్లకి, ప్యానెల్ కరెంటుని బ్యాటరీకి సర్ది పంపే కంట్రోలర్‌కి పావువంతు తీసేయండి, పన్నెండు యూనిట్లు మిగుల్తాయి. యూనిట్ అంటే వెయ్యి వాట్లు గంటసేపు. వేసవిలో ఎండ ఎక్కువ కదా, ఇంకా ఎక్కువ రావాలి కదా అని అందరూ అడుగుతారు. మేలో ప్యానెల్ మీద చెయ్యి పెట్టి చూడండి, పెట్టలేరు. లోపల సెల్ 65, 70 డిగ్రీలకి పోతుంది. 25 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీకి 0.35 శాతం దాకా పవర్ పడిపోతుంది, అంటే పదిహేను శాతం అక్కడే ఆవిరి. ప్యానెల్‌కి కావాల్సింది వెలుతురు, వేడి కాదు.

బ్యాటరీలు 51.2 వోల్టులు, 100 ఏహెచ్, అంటే వంద ఆంపియర్-అవర్లవి రెండు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్, రెండూ కలిపి పది యూనిట్లు. మొదట్లో ఇంట్లో ఇన్వర్టర్‌కి పెట్టుకునే ట్యూబులర్ బ్యాటరీలే నాలుగు పెట్టా. ఒక్కోటి అరవై కిలోల దాకా బరువు, గతుకుల రోడ్డు మీద యాసిడ్ చిమ్మి ట్రాలీ చెక్క తినేసింది, పైగా సగానికి మించి వాడితే ఆయుష్షు తగ్గిపోతుంది. ఏడాదిన్నరకి అమ్మేశా. దాని గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు, కదిలే బండి మీద అవి పెట్టకండి, అంతే.

ఇప్పుడు ట్రాలీ సంగతి. ఇక్కడ పిల్లలు రాసుకోండి. బండి వెడల్పు రూల్ ప్రకారం 2.6 మీటర్లు దాటకూడదు. 540 వాట్ల ప్యానెల్ పొడవు 2.28 మీటర్లు, వెడల్పు 1.13. కాబట్టి ప్యానెల్‌ని అడ్డంగా పడుకోబెడితే ట్రాలీకి రెండువైపులా జానెడు జానెడు బయటికొస్తుంది కానీ రూల్ దాటదు. పన్నెండు అడుగుల ట్రాలీ మీద అలా మూడు పడతాయి. మిగతా మూడింటిని ఏం చేయాలి? మడత పెట్టే రెక్కలు చేయించా మొదట, కీళ్లు రెండు నెలలకే వదులైపోయాయి. తర్వాత మా వెల్డింగ్ షాపు అన్న ఒక మాటన్నాడు, "బీరువాకి సొరుగు ఉన్నట్టు పెట్టరాదా" అని. అదే చేశాం. పై మూడింటి కింద ఇంకో ఫ్రేమ్, బేరింగుల మీద పక్కకి జారుతుంది. ఊరికెళ్లాక ఇద్దరు పట్టుకుని లాగితే సొరుగు బయటికొస్తుంది, దానికింద రెండు కాళ్లు దించి పిన్ను కొడతాం. దారిలో పైన ఉన్న మూడూ పనిచేస్తూనే ఉంటాయి, వెళ్లేలోపు ఒక యూనిట్ అయినా వస్తుంది.

వాలు ఎంత పెట్టాలని అడుగుతారు. పుస్తకంలో మన అక్షాంశం ఎంతో అంత అని ఉంటుంది, అంటే పదిహేడు పద్దెనిమిది డిగ్రీలు. ఇంటి మీద అయితే అదే పెట్టండి. ట్రాలీకి నేను వాలు పెట్టలేదు, బల్లపరుపే. ఎందుకంటే మన జాతరలు, పెళ్లిళ్లు ఎక్కువ ఎండాకాలంలోనే, అప్పుడు సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో మధ్యాహ్నం నిలువు కర్రకి నీడే పడదు. డిసెంబర్‌లో కొంత పోతుంది, పోనీ. వాలు పెడితే గాలి పట్టుకుంటుంది, అది అసలు భయం. సొరుగులో ఉన్న మూడు ప్యానెళ్లూ కలిపి ఏడున్నర చదరపు మీటర్ల పైమాట. అరవై కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలి తిన్నగా తగిలితే నూటముప్పై కిలోల తోపు. ఇద్దరు మనుషులు కలిసి తోసినట్టు. నాలుగు మూలలా జాకీలున్నా సరే, వాయవ్యం మూల నల్లబడితే మా కుర్రాళ్లకి చెప్పిన మాట ఒకటే, మీటర్ చూడొద్దు, నన్ను అడగొద్దు, సొరుగు లోపలికి తోసెయ్యండి.

ట్రాక్టర్ ట్రాలీకి లారీలాగా స్ప్రింగు కమాన్లు ఉండవు కదా, ప్రతి గుంటా నేరుగా అద్దానికి తగుల్తుంది. ఫ్రేమ్‌కి, ప్యానెల్‌కి మధ్య పాత లారీ ట్యూబు ముక్కలు కోసి పెట్టాం, నట్లన్నీ నైలాక్‌వి, అంటే లోపల నైలాన్ రింగుండి అదురుకి వదులు కానివి. మొదట్లో మామూలు నట్టుకి స్ప్రింగ్ వాషర్ వేస్తే చాలనుకున్నా. జగిత్యాల నుంచి ధర్మపురి వెళ్లేసరికి రెండు నట్లు లేవు, ఎక్కడ పడ్డాయో కూడా తెలియదు.

వైరింగ్ దగ్గరికి వస్తే, పై మూడూ ఒక సిరీస్, అంటే ఒకదాని వెనక ఒకటి, సొరుగులో మూడూ ఒక సిరీస్, రెండింటినీ ప్యారలల్, అంటే పక్కపక్కన కలిపాం. ఆరూ ఒకే సిరీస్ చేస్తే వైరు ఖర్చు తగ్గేది, కానీ సొరుగు మూసి ఉన్నప్పుడు ఆ మూడూ చీకట్లో ఉంటాయి. వేరుగా ఉంటే పైవాటి పని పైవి చేసుకుంటాయి.

ఇక్కడే నా మొదటి డబ్బు కాలింది. ప్యానెల్ స్టిక్కర్ మీద ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్, అంటే లోడ్ ఏమీ లేనప్పుడు ఉండే వోల్టేజ్, 49.5 అని ఉంది. మూడు కలిపితే 148.5. కంట్రోలర్ గరిష్ఠం 150. సరిపోయింది అనుకున్నా, ఒకటిన్నర వోల్టు మిగిలింది కూడా! పుష్య మాసంలో నాగోబా జాతర రోజుల్లో ఆదిలాబాద్ వైపు వెళ్లాం. తెల్లవారుజామున ఎనిమిది డిగ్రీల చలి, మంట వేసుకుని కూర్చున్నాం, సూర్యుడు అలా తొంగిచూశాడో లేదో కంట్రోలర్ నుంచి టప్‌మని చప్పుడు, తర్వాత వాసన. స్టిక్కర్ మీద ఉన్న అంకె 25 డిగ్రీల దగ్గరది. చల్లబడేకొద్దీ వోల్టేజ్ పెరుగుతుంది, డిగ్రీకి 0.28 శాతం చొప్పున. పదిహేడు డిగ్రీలు తగ్గితే ఐదు శాతం దాకా, అంటే 155. ఎండ గట్టిగా ఉండక్కర్లేదు, వెలుతురు వస్తే చాలు వోల్టేజ్ దాదాపు పూర్తిగా వచ్చేస్తుంది. కంపెనీ వాళ్లు వారంటీ ఇవ్వలేదు, ఇవ్వరు కూడా, తప్పు నాది. ఇప్పుడు 250 వోల్టుల కంట్రోలర్ ఉంది. వేడికి పవర్ తగ్గుతుందని అందరికీ తెలుసు, చలికి వోల్టేజ్ పెరుగుతుందని మాత్రం కాలాకే తెలుస్తుంది.

డీసీ వైపు, అంటే ప్యానెల్, బ్యాటరీ వైపు, ఇంట్లో లోడ్ ఎక్కువైతే పడిపోయే ఏసీ బ్రేకర్, అదే ఎంసీబీ, వాడకండి. ఏసీ కరెంటు సెకనుకి వందసార్లు సున్నాకి వస్తుంది, బ్రేకర్ విడిపడినప్పుడు వచ్చే నిప్పురవ్వ దానంతట అదే తెగుతుంది. డీసీలో తెగదు, వెల్డింగ్ రాడ్డులాగా మండుతూనే ఉంటుంది. డీసీకి డీసీ బ్రేకరే, బ్యాటరీ మొదట్లోనే ఫ్యూజ్. బ్యాటరీ నుంచి ఇన్వర్టర్‌కి నా దగ్గర 35 స్క్వేర్ ఎంఎం కేబుల్, నాలుగు వేల వాట్ల లోడ్ వేస్తే అందులో తొంభై ఆంపియర్ల దాకా పోతాయి. కేబుల్ చివర బిగించే లగ్గులు సుత్తితో కొట్టేవాళ్లని నేను చూశా, నేనే కొట్టా. ఒకసారి పెళ్లిలో కాలిన ప్లాస్టిక్ వాసన వస్తే వంటల దగ్గర అనుకున్నాం. వంటలు కాదు, సరిగ్గా బిగియని లగ్గు. లగ్గుని కేబుల్‌కి నొక్కి బిగించే హైడ్రాలిక్ క్రింపర్ అద్దెకైనా తెచ్చుకోండి.

సరే, అసలు పని, లోడ్. కమిటీ వాళ్లు ఫోన్ చేసి ఏమంటారు? "అన్నా, పెద్దగా ఏం లేదన్నా, ఒక మైకూ నాలుగు లైట్లూ." వెళ్లి చూస్తే ఐస్‌క్రీం డబ్బా, జ్యూస్ మిక్సీ, సర్పంచ్ గారికి కూలరు. అందుకని ఇప్పుడు నేను కాగితం పట్టుకుని ఒక్కోటి అడుగుతా, ఎన్ని, ఎన్ని వాట్లు, ఎప్పటినుంచి ఎప్పటిదాకా. ఒక ఒగ్గు కథ రాత్రి లెక్క చెప్తా, బోర్డు మీద వేస్తా చూడండి. సాయంత్రం ఆరు నుంచి రాత్రి రెండింటి దాకా, ఎనిమిది గంటలు. యాభై వాట్ల ఎల్‌ఈడీ ఫ్లడ్‌లైట్లు పది, ఐదు వందలు. మైక్‌సెట్ రెండు వందల యాభై, ఆంప్లిఫయర్ మీద రెండువేల వాట్లు అని రాసి ఉన్నా మాటకి, పాటకి సగటున లాగేది అందులో ఎనిమిదో వంతే. పెద్ద ఫ్యాన్లు రెండు, మూడు వందలు. సీరియల్ లైట్లు వంద. ఫోన్ చార్జింగుల బోర్డు ఇంకో వంద, అది ప్రతి ఊళ్లో ఉంటుంది, వద్దన్నా పెడతారు. మొత్తం 1,250 వాట్లు, ఎనిమిది గంటలకి పది యూనిట్లు.

నా బ్యాటరీ పది యూనిట్లే కదా, సరిపోయింది కదా? సరిపోదు. అడుగు దాకా వాడకూడదు, తొంభై శాతం అనుకోండి. ఇన్వర్టర్‌లో పదో వంతు పోతుంది. మిగిలింది ఎనిమిదికి కాస్త ఎక్కువ. అసలు ఇన్వర్టర్ ఊరికే ఆన్‌లో ఉంటేనే నాది యాభై వాట్లు తాగుతుంది, రోజంతా అలా వదిలేస్తే యూనిట్ పైన పోయినట్టే. కాబట్టి కార్యక్రమం లేనప్పుడు ఆపెయ్యాలి, చిన్న విషయమే కానీ ఎవరూ ఆపరు. ఇప్పుడు రాత్రిని రెండు ముక్కలు చెయ్యండి. పదింటిదాకా అన్నీ వెలగనివ్వండి, ఐదు యూనిట్లు. పది తర్వాత చల్లబడుతుంది, ఫ్యాన్లు ఆపండి, పిల్లలు నిద్రపోయారు, వెనకవైపున్న సగం లైట్లు ఆపండి, సీరియల్ సగం, చార్జింగు బోర్డు బంద్. 550 వాట్లకి వస్తుంది, నాలుగు గంటలకి 2.2. కలిపితే 7.2. ఒక యూనిట్ మిగులుతోంది. ఈ యూనిట్ కోసమే నేను బతుకుతున్నా.

ఇది నేర్చుకున్న రాత్రి గురించి చెప్తానన్నా కదా. మల్లన్న కథ నడుస్తోంది. మీటర్ 34 శాతం చూపిస్తోంది, నేను ధీమాగా టీ తాగుతున్నా. పన్నెండు నలభైకి మొత్తం ఆరిపోయింది. పాత బ్యాటరీ అయితే లైట్లు మెల్లగా మసకబారి చెప్పేది, వస్తున్నా పోతున్నా అని. లిథియం చెప్పదు. అందులో బ్యాటరీని కాపాడే సర్క్యూట్, బీఎంఎస్, ఉంటుంది, సెల్ వోల్టేజ్ గీత దాటిన క్షణం కత్తిరించేస్తుంది. మరి 34 శాతం సంగతేంటంటే, ఆ మీటర్ వోల్టేజ్ చూసి శాతం చెప్పే రకం. ఈ బ్యాటరీలో తొంభై శాతం దగ్గర్నుంచి ఇరవై శాతం దాకా రెండు వోల్టుల తేడానే ఉంటుంది, అందులోంచి శాతం తియ్యడమంటే జాతకం చెప్పడమే. ఇప్పుడు షంట్ పెట్టా, అది లోపలికెళ్లిన ఆంపియర్లు, బయటికొచ్చిన ఆంపియర్లు లెక్కపెడుతుంది. ఇంకో కారణం తర్వాత దొరికింది. స్టేజీ వెనక వేషాలు వేసుకునే గదిలో కెటిల్ ఉంది. 1,500 వాట్లు. పది నిమిషాలు పెడితే పావు యూనిట్, అంటే గంటసేపు మైక్. సాయంత్రం నుంచి ఎన్నిసార్లు టీ పెట్టారో లెక్కేసుకోండి. నేను తాగింది కూడా అందులోదే. (నవ్వులు)

ఆ రాత్రి కథ చెప్పే పెద్దాయన ఆగలేదు. చీకట్లో డోలు కూడా ఆగలేదు. జనం ఫోన్ల టార్చులు వేశారు. ఎవరూ లేచిపోలేదు కానీ కమిటీ వాళ్లు నా డబ్బులు సగం కోశారు, నేనూ గట్టిగా అడగలేదు.

అప్పటినుంచి బోర్డు మీద రెండు రంగుల సాకెట్లు. ఎర్రవి మైక్‌కి, స్టేజీ లైట్లకి. నల్లవి మిగతా వాటికి, వాటిలో ఒక్కోదానికి రెండు ఆంపియర్ల బ్రేకర్, కెటిల్ పెడితే పడిపోతుంది. మూడుసార్లు పడితే వాళ్లే వచ్చి అడుగుతారు, అప్పుడు చెప్తాం.

ఇప్పుడు ప్రాణం మీదికొచ్చే విషయం, దయచేసి ఫోన్లు పక్కన పెట్టండి. ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటుంది, వెళ్లిన కరెంటు వెనక్కి అంతే రాకుండా నేలకి లీకైతే పడుతుంది. ట్రాలీ మీద కూడా పెట్టాం, టెస్ట్ బటన్ నొక్కాం, పడింది, బ్రహ్మాండం అనుకుంటాం. కాదు. ఆ బటన్ ఫేజ్‌కి, న్యూట్రల్‌కి మధ్య లోపలే చిన్న రెసిస్టెన్స్ కలుపుతుంది, ఎర్త్ ఉన్నా లేకపోయినా పడుతుంది. చాలా ఇన్వర్టర్ల అవుట్‌పుట్‌లో న్యూట్రల్ దేనికీ కట్టి ఉండదు, గాల్లో ఉంటుంది. అలాంటప్పుడు ఒక తెగిన వైరు ఇనప స్తంభానికి తగిలినా కరెంటుకి తిరిగొచ్చే దారి లేదు, ఆర్‌సీసీబీకి తెలియదు. రెండో వైరు ఇంకోచోట తడినేలకి తగిలిన రోజు మధ్యలో ఉన్న మనిషి దారి అవుతాడు. కాబట్టి ఇన్వర్టర్ మాన్యువల్ ఒప్పుకుంటేనే, ఆర్‌సీసీబీకి ముందువైపు న్యూట్రల్‌ని ఎర్త్‌కి కలపాలి, ఎర్త్ రాడ్డు భూమిలో దిగాలి. ఎండాకాలం ఎండిపోయిన నేలలో రాడ్డు దిగినంత మాత్రాన ఎర్త్ కాదు, రెండు బిందెల నీళ్లు పొయ్యండి. తర్వాత ఒక 40 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు తీసుకుని సాకెట్‌లో ఫేజ్‌కి, ఎర్త్‌కి మధ్య పెట్టండి. ఆర్‌సీసీబీ టక్కున పడిపోవాలి. బల్బు వెలిగినా తప్పే, ఏమీ కాకపోయినా తప్పే. ప్రతి ఊళ్లో ఇది చేశాకే స్టేజీ వాళ్లకి వైరు ఇస్తా. ఊళ్లో కరెంటు స్తంభం నుంచి కొండీ వేసిన లైన్‌తో మన లైన్ కలిపి ఇమ్మని అడుగుతారు, అసలు ఒప్పుకోకండి, మన కరెంటు వెనక్కి ఎక్కితే పైన పనిచేసే లైన్‌మన్ పోతాడు.

నీడ గురించి ఒక్క ముక్క. ఒక ఊళ్లో మధ్యాహ్నం పైవరస కరెంటు ఉన్నట్టుండి తగ్గింది. మబ్బు లేదు. ఎక్కి చూస్తే ఎవరో అభిమానంతో తోరణం తాడు తెచ్చి మా ఫ్రేమ్ మూలకి కట్టారు, జెండాలు ప్యానెల్ మీద ఊగుతున్నాయి. ప్యానెల్‌లో మూడు భాగాలు, నీడ పడ్డ భాగాన్ని దాటించి కరెంటు పంపే బైపాస్ డయోడ్లు మూడు ఉంటాయి, అరచేతి నీడ పడినా ఆ భాగం మొత్తం సెలవు పెట్టేయొచ్చు. తుడవడం పొద్దున్నే, అద్దం చల్లగా ఉన్నప్పుడు. ఎర్రమట్టి ఊళ్లలో రోజూ.

ప్రశ్నలుంటే అడగండి.

(వెనక నుంచి: డీజే నడుస్తదా అన్నా?)

నడవదు. బేస్ డబ్బాలతో పది కిలోవాట్ల డీజే తెచ్చి ట్రాలీకి పెట్టకు తమ్ముడూ. పెళ్లి బరాత్‌కి జనరేటరే పెట్టు. నేను రెండూ ఉంచుకున్నా, అబద్ధం ఎందుకు.

(వినాయక చవితికి తొమ్మిది రోజులు ఒప్పుకోవచ్చా?)

ముసురు పట్టిందంటే రోజుకి మూడు యూనిట్లు వస్తే గొప్ప. ఒప్పుకుంటే మండపానికి మీటర్ కనెక్షన్ తీసుకొమ్మని చెప్పి, ట్రాలీని కరెంటు పోయినప్పటికి ఉంచండి. ఇంకోమాట, నేను ఏ ప్రోగ్రాంకైనా బయల్దేరే ముందురోజు రాత్రి ఇంట్లో కరెంటుతోనే బ్యాటరీ నింపుకుంటా. పూర్తిగా సోలార్ అని బోర్డు రాసుకోలేదు అందుకే.

(ఖర్చెంతయింది, వచ్చిందా?)

ట్రాలీతో కలిపి నాలుగు లక్షల చిల్లర, కాలిన కంట్రోలర్ కలపకుండా. పది కేవీఏ జనరేటర్ ఇంత చిన్న లోడ్‌కి కూడా గంటకి లీటరు పైన తాగుతుంది, ఎనిమిది గంటలకి వెయ్యి రూపాయల డీజిల్. నెలకి ఎనిమిది, పది ప్రోగ్రాములుంటే మూడున్నర నుంచి నాలుగున్నరేళ్లలో వస్తుంది. నెలకి రెండే ఉంటే కొనకండి, నాది అద్దెకి తీసుకోండి. (నవ్వులు)

నాలుగున్నర అయింది. చింతచెట్టు నీడ సొరుగు మీదికి వచ్చేసి ఉంటుంది. వైరు తెంపకుండా చుట్టూ పట్టి ఆంపియర్లు కొలిచే క్లాంప్ మీటర్ ఉన్నవాళ్లు తెచ్చుకోండి, పైవరసలో ఎంతొస్తోంది, సొరుగులో ఎంతొస్తోంది మీరే కొలిచి చెప్పండి. ఇద్దరు గట్టివాళ్లు ముందుకి రండి, సొరుగు తోయాలి. చెప్పులు కాదు, బూట్లు ఉన్నవాళ్లు.